మన చెరువు నీటిని, నాచును మనమే పరీక్షించుకోవడం ఎలా? వరంగల్ చెరువుల కోసం ఒక మార్గదర్శి

ఎండాకాలం ముదిరే కొద్దీ చెరువు పచ్చబడుతుంది. కట్ట మీద వాకింగ్‌కు వచ్చేవాళ్లు ముక్కు మూసుకుని నడుస్తారు. ఎవరో ఒకరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. నాలుగు రోజులు చర్చ నడుస్తుంది, పెద్ద వాన పడగానే అందరూ మరిచిపోతారు. ఆ ఫోటో పట్టుకుని ఏ ఆఫీసుకు వెళ్లినా "ఎప్పటినుంచి ఇట్లా ఉంది? దేనివల్ల?" అని అడుగుతారు. జవాబు మన దగ్గర ఉండదు.

ఆ జవాబు తయారు చేసుకోవడానికే ఈ మార్గదర్శి. వడ్డేపల్లి, భద్రకాళి, ఉర్సు, బంధం చెరువు, మీ కాలనీ పక్కనున్న కుంట, ఏదైనా సరే. నలుగురైదుగురు కలిస్తే చాలు. అందులో ఒకరు కెమిస్ట్రీ గానీ బోటనీ గానీ చెప్పే లెక్చరర్ అయితే ఇంకా మంచిది. నాచు ఎంత ఉందో కొలవడం సగం పనే అని మొదటే గుర్తుపెట్టుకోండి. ఆ నాచుకు తిండి ఏ నాలా నుంచి వస్తున్నదో పట్టుకోవడం అసలు పని. కింద చెప్పినవన్నీ అక్కడికి చేరడానికే.

ముందు చెరువు చుట్టూ నడవండి

ఏ పరికరమూ కొనకముందు చేయాల్సిన పని ఇది. చెరువు మ్యాపు ఒకటి ప్రింట్ తీసుకుని, ఒడ్డు వెంట పూర్తిగా తిరగండి. నీళ్లు వచ్చే ప్రతి నాలాను, ప్రతి పైపును, తూమును, మత్తడిని దాని మీద గుర్తు పెట్టండి. బట్టలు ఉతికే చోటు, బర్లను కడిగే చోటు, విగ్రహాలు నిమజ్జనం చేసే చోటు, చెత్త పోసే చోటు కూడా.

ఈ నడకకు ఏప్రిల్, మే నెలలే సరైనవి. నీళ్లు తగ్గి శిఖం భూమి బయటపడుతుంది, మామూలుగా నీటిలో మునిగి ఉండే పైపుల మూతులు కనిపిస్తాయి. పైగా వాన లేని ఆ రోజుల్లో కూడా పారుతున్న నాలా ఉందంటే అందులో ఉన్నది దాదాపు ఖాయంగా మురుగునీరే. వానాకాలంలో అన్ని నాలాలూ ఒకేలా కనిపిస్తాయి, ఎండాకాలంలో వేటికవి బయటపడతాయి.

చేపలు పట్టేవాళ్లతో ఓ గంట కూర్చుని మాట్లాడండి. ఏ మూల నీళ్లు వాసన వస్తాయి, వలకు నాచు ఎక్కడ చుట్టుకుంటుంది, తెల్లవారుజామున చేప ఎక్కడ పైకి తేలి నోరు తెరుస్తుంది, ఇవన్నీ వాళ్లకు బాగా తెలుసు. లోపలికి తెప్ప మీద వెళ్లాలన్నా వాళ్ల సాయమే కావాలి.

ఎక్కడెక్కడ కొలవాలి

మన చెరువులు సహజంగా ఏర్పడిన సరస్సుల్లాంటివి కావు. పల్లంలో అడ్డంగా కట్ట వేసి నీటిని ఆపినవి. అందుకే లోతు చెరువు నడుమ కాకుండా కట్ట వైపు, తూము దగ్గర ఎక్కువ ఉంటుంది. ఎగువకు పోయే కొద్దీ లోతు తగ్గిపోతుంది. విదేశీ పుస్తకాల్లో "సరస్సు మధ్యలో కొలవండి" అని ఉంటుంది. మన చెరువుకు అది సరిపోదు.

కనీసం నాలుగు చోట్లు పెట్టుకోండి. తూము దగ్గర లోతు నీళ్లు ఒకటి. పెద్ద నాలా చెరువులో కలిసే చోటు రెండోది, అదే నాలాలో చెరువుకు కొంచెం ఎగువన మూడోది. జనం నీటిని తాకే చోటు, అంటే ఘాటు గానీ మెట్లు గానీ, నాలుగోది. వీలైతే అదే రోజు ఊరి బయట, మురుగు తక్కువ కలిసే చెరువులో కూడా ఒకసారి కొలవండి. ధర్మసాగర్ దగ్గరలోనే ఉంది. పోల్చి చూడటానికి ఒక మంచి చెరువు లేకపోతే అంకెలకు అర్థం రాదు.

గాలిని కూడా రాసుకోవాలి. నైరుతి రుతుపవనాల రోజుల్లో మన దగ్గర గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, తేలే నాచు తూర్పు ఒడ్డుకు చేరి పేరుకుంటుంది. ఆ ఒడ్డున ముంచిన సీసా చూసి "చెరువంతా ఇట్లనే ఉంది" అనుకోవద్దు. ఎదుటి ఒడ్డున నీళ్లు తేటగా ఉన్నాయని చెరువు బాగుందనీ అనుకోవద్దు.

ఏమేం కావాలి

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) చూపే పెన్ను, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు, నీటి థర్మామీటరు. పీహెచ్ పెన్నుతో పాటు బఫర్ (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం) పొడి ప్యాకెట్లు తప్పకుండా తీసుకోండి. ప్రతిసారీ చెరువుకు వెళ్లేముందు రెండు బఫర్లలో ముంచి సరిచూడని పెన్ను చెప్పే అంకెను నమ్మలేం. అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ కోసం రంగు చూసి పోల్చే కిట్లు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలు, ఐస్ పెట్టె, పెన్సిలు, రబ్బరు గ్లౌజులు, లైఫ్ జాకెట్. పూడిక ఉన్న చోట కాలు పెడితే మోకాలు దాకా దిగబడుతుంది కాబట్టి ఒంటరిగా ఎవరూ నీళ్లలోకి దిగొద్దు.

సీసాలను సర్ఫుతో కడగొద్దు. డిటర్జెంట్లలో ఫాస్ఫేటు ఉండవచ్చు, మీరు కొలవబోయేది కూడా ఫాస్ఫేటే. వేడినీళ్లతో కడిగి ఆరబెడితే చాలు.

బ్యాక్టీరియా పరీక్షకు హెచ్‌టూఎస్ సీసాలు దొరుకుతాయి. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంతో కలుషితమైన నీళ్లయితే నల్లబడుతుంది. తాగే బోరు నీళ్లకు అది మంచి పరీక్ష. నగరం నడుమ ఉన్న చెరువులో మాత్రం ఎప్పుడు చూసినా నల్లబడుతుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ డబ్బుతో ఇంకో ఫాస్ఫేట్ కిట్ కొనుక్కోండి.

నీటి తేటదనం: సెకీ డిస్క్

అన్నిటికంటే చవకైనది, నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పలక. దాన్ని నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగు వేస్తారు. బోర్డులు రాసే దుకాణంలో అక్రిలిక్ షీటు కోయించుకుని, నడుమ రంధ్రం చేసి, కింద బరువుకు పెద్ద బోల్టు, నట్లు బిగించండి. తాడు సాగేది కాకూడదు. పది సెంటీమీటర్లకు ఒక గుర్తు చొప్పున చెరగని మార్కరుతో పెట్టుకోండి.

పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు, ఎండ ఉన్నప్పుడు, నీడ పడే వైపు నుంచి నెమ్మదిగా దించండి. కూలింగ్ గ్లాసులు తీసేయాలి. తెల్ల భాగం మసకబారుతుంది, పచ్చటి నీడలా మారుతుంది, ఆ తర్వాత అస్సలు కనిపించదు. అక్కడ తాడు మీద వేలు పెట్టి లోతు చూసుకోండి. ఇంకొంచెం దించి మళ్లీ పైకి లాగుతూ, కనిపించిన చోట ఇంకో గుర్తు. రెండిటి సగటే ఆ రోజు లెక్క. ఇద్దరు విడివిడిగా చూసి రాస్తే ఇంకా మంచిది.

దీన్ని అర్థం చేసుకోవడానికి 1977లో కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త ఒక సూచీ తయారు చేశాడు. డిస్క్ రెండు మీటర్ల దాకా కనిపిస్తే సూచీ 50, ఒక మీటరు దాకా అయితే 60, అర మీటరుకే మాయమైతే 70. లోతు సగమైన ప్రతిసారీ సూచీ పది పెరుగుతుంది. 50 దాటితే చెరువులో పోషకాలు ఎక్కువయ్యాయని, 70 దాటితే బాగా ముదిరిందని లెక్క.

అయితే ఈ సూచీ, నీళ్లు మసకబారడానికి కారణం నాచే అనుకుని తయారు చేసింది. పెద్ద వాన తర్వాత ఎర్రమట్టి నీళ్లు వస్తే డిస్క్ జానెడు లోతులోనే మాయమవుతుంది, అది నాచు కాదు. గుర్రపు డెక్క కప్పేసిన చోట ఇంకో చిక్కు. దాని కింద ఎండ తగలక నాచు పెరగదు, నీళ్లు తేటగా కనిపిస్తాయి, ఆక్సిజన్ మాత్రం ఉండదు. అందుకే నీళ్ల రంగు, గుర్రపు డెక్క ఎంత మేర పరుచుకుంది, ముందు రోజు వాన పడిందా, ఈ మూడూ డిస్క్ అంకె పక్కనే రాయాలి.

నీళ్లు పట్టే పద్ధతి

సీసాను ఆ చెరువు నీళ్లతోనే మూడుసార్లు జాడించి పారబోయండి. మూతి కిందికి పెట్టి మోచేతి లోతుకు, అంటే దాదాపు 30 సెంటీమీటర్లకు ముంచి, అక్కడ తిప్పి నింపండి. పైన తేలే తెట్టు లోపలికి రాకూడదు. తెట్టును పరీక్షించాలంటే అది వేరే సీసాలో పట్టాలి. లేబుల్ మూత మీద కాకుండా సీసా మీద, పెన్సిల్‌తో: చెరువు పేరు, చోటు, తేదీ, టైము, పట్టినవాళ్ల పేరు. మూతలు మారిపోతాయి, పెన్ను సిరా ఐస్ నీళ్లకు కారిపోతుంది.

సీసాలు ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు పరీక్ష చేయాలి. ల్యాబుకు పంపే బ్యాక్టీరియా శాంపిల్ మాత్రం వాళ్లిచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టాలి, దాన్ని జాడించకూడదు. నాచు జాతులు చూడటానికి పట్టిన నీళ్లలో అక్కడికక్కడే లూగాల్ అయోడిన్ చుక్కలు వేసి, లేత గోధుమ రంగు వచ్చేదాకా కలపండి. అట్లయితే నాచు కణాలు చెడిపోకుండా ఉంటాయి. నాచులోని పత్రహరితం కొలవడానికి పంపే సీసాకు వెలుతురు తగలకుండా అల్యూమినియం ఫాయిల్ చుట్టాలి.

ఆక్సిజన్: తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి

ఒక్క పరీక్షకే టైము ఉందంటే నేను దీన్నే చేయమంటాను. నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు, దాంతో పాటు చేపలు, అడుగున కుళ్లే బురదలోని సూక్ష్మజీవులు, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందుకే పొద్దు పొడవడానికి ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి కొలిచి "బ్రహ్మాండంగా ఉంది" అని రాసిన రిపోర్టు ఆ చెరువు గురించి సగం నిజమే చెబుతుంది.

30 డిగ్రీల వేడి దగ్గర మంచి నీళ్లు మామూలుగా లీటరుకు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. మధ్యాహ్నం 12 కనిపించిందంటే సంతోషించాల్సిన పని లేదు, నాచు విపరీతంగా ఉందని దాని అర్థం. అదే చెరువులో తెల్లవారుజామున 2 కనిపించవచ్చు. రెండు అంకెల మధ్య తేడా ఎంత పెద్దదో, నాచు అంత బలంగా ఉంది.

మీటరు ఖరీదు ఎక్కువ కాబట్టి కాలేజీ ల్యాబుల్లో చేసే వింక్లర్ పద్ధతి మేలు. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను బుడగ లేకుండా నింపాలి. పిపెట్టు మొనను నీటి లోపల ఉంచి 2 మిల్లీలీటర్ల మాంగనస్ సల్ఫేట్, 2 మిల్లీలీటర్ల ఆల్కలీ అయోడైడ్ అజైడ్ వదిలి, మూత పెట్టి తలకిందులు చేస్తూ కలపాలి. సీసాలో గోధుమ రంగు మడ్డి ఏర్పడి నెమ్మదిగా దిగుతుంది. మడ్డి తెల్లగా వచ్చిందంటే ఆ నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే. నాలా మూతి దగ్గర పట్టిన సీసాలో ఆ తెల్ల మడ్డిని చూస్తే విద్యార్థులకు ఇక వేరే పాఠం చెప్పక్కర్లేదు.

తర్వాతి పని లెక్చరర్ చేతుల మీదుగానే జరగాలి. 2 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే మడ్డి కరిగి నీళ్లు పసుపు రంగుకు వస్తాయి. అందులోంచి 203 మిల్లీలీటర్లు తీసుకుని, 0.025 నార్మాలిటీ సోడియం థయోసల్ఫేట్‌తో లేత పసుపు వచ్చేదాకా టైట్రేట్ చేసి (అంటే కొలుస్తూ చుక్క చుక్కగా కలిపి), స్టార్చ్ చుక్కలు వేసి, నీలం రంగు పోయేదాకా కొనసాగించాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. మొదటి రెండు మందులు చెరువు దగ్గరే వేసేయాలి. నీళ్లను అట్లనే ల్యాబుకు మోసుకెళితే దారిలోనే అంకె మారిపోతుంది.

పీహెచ్‌ను కూడా ఈ రెండు వేళల్లోనే చూడండి. నాచు పగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవడం వల్ల మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటవచ్చు. దీంతో చేపలకు ఇంకో ప్రమాదం ఉంది. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్నప్పుడు అమ్మోనియాలో ఒక శాతం కంటే తక్కువే విషరూపంలో ఉంటుంది, 9కి చేరితే దాదాపు 45 శాతం విషమవుతుంది. కలిసిన మురుగు అంతే, అమ్మోనియా అంతే, కానీ నాచు పెరిగిన మధ్యాహ్నం అదే చేపను చంపగలదు.

ఏ నాచో తెలుసుకోవడం

పచ్చగా ఉన్నదంతా ఒకటి కాదు. ఆకుపచ్చ నాచు చాలావరకు హాని చేయదు. నీలి ఆకుపచ్చ నాచు, అంటే సయనోబ్యాక్టీరియా, కొన్నిసార్లు విషాలు తయారు చేస్తుంది. ఆ నీళ్లు తాగి పశువులు, కుక్కలు చనిపోతాయి, మనుషులకు దురదలు, వాంతులు, కాలేయానికి దెబ్బ. ఆ విషం కాచితే పోదు. వాటిలో ఒకటైన మైక్రోసిస్టిన్‌కు తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు ఒక్క మైక్రోగ్రామే. వడ్డేపల్లి లాంటి, తాగునీటితో సంబంధం ఉన్న చెరువుల్లో ఈ తేడా తెలియడం చాలా అవసరం.

మొదటి పరీక్షకు ఒక పుల్ల చాలు. గ్లౌజు వేసుకుని పుల్లతో నాచును ఎత్తండి. పోగులు పోగులుగా పుల్లకు చుట్టుకుని వేలాడితే అది దారాల రకం ఆకుపచ్చ నాచు. ఏమీ వేలాడకుండా పుల్లకు రంగు పూసినట్టు అంటుకుంటే నీలి ఆకుపచ్చదని అనుమానించాలి.

రెండోది సీసా పరీక్ష. గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టి, మూత పెట్టి, మీద "విషం, ముట్టొద్దు" అని రాసి, తినే వస్తువులు లేని ఫ్రిజ్‌లో రాత్రంతా కదపకుండా ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. పొద్దున తీసి చూస్తే పచ్చదనం అడుగుకు దిగి ఉంటే మామూలు నాచు. పైన వలయంలా తేలి ఉంటే నీలి ఆకుపచ్చ నాచు అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే దాని కణాల్లో తేలడానికి గాలి సంచులు ఉంటాయి.

మూడోది మైక్రోస్కోపు. కాలేజీది దొరక్కపోతే కాగితంతో చేసిన ఫోల్డ్‌స్కోప్ అయినా పర్వాలేదు. జిగురులో గుంపుగా ఇరుక్కున్న సన్నటి చుక్కలు కనిపిస్తే మైక్రోసిస్టిస్. పూసల దండలా వరుస కట్టి, నడుమ అక్కడక్కడ పెద్ద పూస ఉంటే అనబీనా. దానికి గాలిలోని నత్రజనిని వాడుకునే శక్తి ఉంది. నీళ్లలో నైట్రేట్ తగ్గించినా అది బతుకుతుంది, ఫాస్ఫరస్ తగ్గిస్తేనే దారికి వస్తుంది.

విషం ఉందా లేదా అన్నది పుల్ల, సీసా, మైక్రోస్కోపు ఏవీ చెప్పలేవు. దానికి ల్యాబు పరీక్షే దిక్కు. అనుమానం వచ్చిన రోజునుంచి రిపోర్టు వచ్చేదాకా పశువులను ఆ ఒడ్డుకు తోలకుండా ఆపండి. ఎవరైనా మైలుతుత్తం చల్లుదామంటే ఒప్పుకోవద్దు. చచ్చిన కణాలు పగిలి లోపలి విషమంతా ఒక్కసారి నీళ్లలోకి వస్తుంది, కుళ్లే నాచు ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది.

నాలా లెక్క

ఈ భాగాన్ని దయచేసి దాటేయకండి.

నాలాలో ఫాస్ఫేట్, అమ్మోనియా ఎంత ఉన్నాయో కిట్‌తో చూడండి. నీళ్లు పచ్చగానో మురికిగానో ఉంటే ముందు ఫిల్టర్ పేపర్‌లో వడపోయాలి, లేకపోతే నీళ్ల రంగు కిట్ రంగులో కలిసిపోతుంది. రంగును ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుగులో పోల్చండి. కిట్ మీద ఏ రూపంలో లెక్క ఇచ్చారో చదవండి. కొన్ని ఫాస్ఫేట్‌గా చెబుతాయి, కొన్ని ఫాస్ఫరస్‌గా. ఫాస్ఫేట్ అంకెను మూడుతో భాగిస్తే దాదాపుగా ఫాస్ఫరస్ వస్తుంది. నైట్రేట్‌ను నత్రజనిగా మార్చాలంటే 4.4తో భాగించాలి. ఈ తేడా చూడక రెండు గ్రూపులు ఒకే చెరువు మీద వేరు వేరు అంకెలు చెప్పి వాదించుకుంటాయి.

తర్వాత నాలాలో రోజుకు ఎన్ని నీళ్లు పారుతున్నాయో లెక్క కట్టాలి. నాలా తిన్నగా ఉన్న చోట ఒడ్డున పది మీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. ఎండిన కొమ్మ ముక్క గానీ నారింజ పండు గానీ వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. ఉదాహరణకు వెడల్పు 0.8 మీటర్లు, లోతు 0.15 మీటర్లు, పది మీటర్లకు 25 సెకన్లు పట్టిందనుకుందాం. పై నీటి వేగం సెకనుకు 0.4 మీటర్లు. కింద, పక్కల నీళ్లు నెమ్మదిగా పోతాయి కాబట్టి 0.8తో గుణిస్తే 0.32. దాన్ని వెడల్పుతో, లోతుతో గుణిస్తే సెకనుకు దాదాపు 38 లీటర్లు. రోజుకు 33 లక్షల లీటర్లు. అందులో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటే, ఆ ఒక్క నాలా రోజుకు ఆరున్నర కిలోల ఫాస్ఫరస్‌ను చెరువులో పోస్తున్నట్టు.

ఇట్లా అన్ని నాలాలకూ లెక్క కట్టి పక్కపక్కన పెడితే, మూడొంతుల బరువు ఒకటి రెండు నాలాల నుంచే వస్తున్నట్టు తేలవచ్చు. ఏ నాలాకు ముందు మళ్లింపు గానీ శుద్ధి ప్లాంటు గానీ కట్టాలో అప్పుడు వాదన ఉండదు. పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య ఇళ్ల వాడకం ఎక్కువ కాబట్టి నాలా ఉరవడి పెరుగుతుంది. అందుకని రోజులో మూడు వేళల్లో కొలిచి సగటు తీయండి.

నాలాలు ఆపేసినా ఏడాది రెండేళ్లు నాచు తగ్గకపోతే నిరాశ పడొద్దు. అడుగు బురదలో ఏళ్ల తరబడి పేరుకున్న ఫాస్ఫరస్, అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడల్లా మళ్లీ నీళ్లలోకి వస్తుంటుంది. 2024 నవంబరులో భద్రకాళి చెరువును ఖాళీ చేయడం మొదలుపెట్టింది పూడిక తీయడం కోసమే. పూడిక తీసిన చెరువులో మొదటి రోజునుంచే కొలతలు మొదలుపెట్టడం మనకు దొరికిన మంచి అవకాశం. నీళ్లు నిండాక ఎప్పుడు, ఎట్లా పచ్చబడుతుందో మొదటినుంచి చూడొచ్చు. మిషన్ కాకతీయ రోజుల్లో చెరువు మట్టిని పొలాలకు తోలుకున్నట్టు నగరం నడుమ చెరువు పూడికను తోలుకోవడం అంత క్షేమం కాదు. సీసం, క్రోమియం లాంటి లోహాల పరీక్ష అయ్యాకే పొలంలో వేయాలి.

ఎప్పుడెప్పుడు

మామూలు రోజుల్లో పదిహేను రోజులకోసారి, మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి. రోహిణి కార్తె ఎండల తర్వాత మృగశిరకు పడే మొదటి వానలు అన్నిటికంటే ప్రమాదం. రోడ్ల మీది, నాలాల్లోని ఏడాది మురికి ఒక్కసారి దిగుతుంది, అడుగు బురద కదులుతుంది, మబ్బు పట్టి నాచు ఆక్సిజన్ వదలదు. ఆ వాన తర్వాతి తెల్లవారుజామున తప్పకుండా వెళ్లండి.

వినాయక నిమజ్జనానికి వారం ముందు, నిమజ్జనం రోజుల్లో, ఆ తర్వాత వారానికి, మూడుసార్లు నీళ్లు పట్టాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిమజ్జన మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతి కూడా ఇదే. సద్దుల బతుకమ్మకూ అట్లే చేయొచ్చు. తంగేడు, గునుగు, బంతి పూలు తమంతట తాము విషం కావు, కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తీసుకుంటాయి అంతే. మరునాడు పొద్దున్నే పూలు ఎత్తేస్తే ఆ ఇబ్బంది పోతుంది. బతుకమ్మ కింది ప్లాస్టిక్ పళ్లెం, రంగు కాగితం మాత్రం చెరువులోకి వెళ్లకూడదు.

ఉపగ్రహం సాయం

సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి, దాదాపు ఐదు రోజులకోసారి. మామూలు రంగు చిత్రంలోనే నాచు, గుర్రపు డెక్క ఎటు నుంచి పాకాయో తెలుస్తుంది. కొంచెం తెలిసినవాళ్లు ఐదో బ్యాండు, నాలుగో బ్యాండుల తేడాను వాటి మొత్తంతో భాగించే ఎన్‌డీసీఐ సూచీ వేసుకోవచ్చు, పత్రహరితం ఎక్కువున్న చోట అది పెరుగుతుంది. వానాకాలంలో మబ్బుల వల్ల వారాల తరబడి చిత్రం రాదు. చిన్న కుంటల మీద ఒడ్డు చెట్లు కలిసిపోయి తప్పు చూపిస్తుంది. గడిచిన ఏళ్ల చిత్రాలు కూడా ఉండటం దీని గొప్పతనం.

అంకెలను చదవడం, చేర్చడం

ఒక పెద్ద నోటుబుక్కు పెట్టండి. కొట్టివేతలు ఉన్నా పర్వాలేదు, పేజీలు చింపొద్దు. ఆ తర్వాతే ఎక్సెల్.

కేంద్ర మండలి నీళ్లను వాడకాన్ని బట్టి తరగతులుగా విభజించింది. స్నానానికి పనికిరావాలంటే ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు గానీ ఎక్కువ గానీ, బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 గానీ తక్కువ గానీ, పీహెచ్ 6.5 నుంచి 8.5 లోపు ఉండాలి. శుద్ధి చేసి తాగడానికైతే ఆక్సిజన్ 4, బీఓడీ 3. చేపల పెంపకానికి ఆక్సిజన్ 4, విషరూప అమ్మోనియా 1.2 దాటకూడదు. మన దేశంలో బీఓడీని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తారు. అది ల్యాబు పని, మూడు నెలలకోసారి ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబుకు పంపితే మీ కిట్ అంకెలకు కూడా విలువ పెరుగుతుంది.

కార్పొరేషన్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి, నీటిపారుదల శాఖకు ఇచ్చే కాగితం రెండు పేజీలు దాటొద్దు. నాలాల మ్యాపు, నాలా వారీ ఫాస్ఫరస్ బరువు, తెల్లవారుజాము ఆక్సిజన్ గ్రాఫు, అంతే. ఏ నాలాను ముందు ఆపాలో సూటిగా రాయండి. శుద్ధి ప్లాంటు రోజుకు ఎంత శుద్ధి చేస్తున్నది, బయటికి వదిలే నీటి రిపోర్టులు ఏవి అన్నది సమాచార హక్కు చట్టం 2005 కింద అడగండి.

చేపలు తేలిన పొద్దున

ఎప్పుడో ఒకరోజు ఆ ఫోన్ వస్తుంది. ఆక్సిజన్ సీసా, పీహెచ్ పెన్ను, ఐస్ పెట్టె పట్టుకుని పొద్దెక్కకముందే చేరుకోవాలి. ఎండ పడ్డాక నాచు మళ్లీ ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి జరిగినదానికి రుజువు మిగలదు.

ముందు ఏ చేపలు చచ్చాయో చూడండి. బొచ్చె, రవ్వ లాంటివి చచ్చి, అందులోనూ పెద్దవి ముందు చచ్చి, కొర్రమట్టలు, మార్పు చేపలు బతికి ఉంటే ఆక్సిజన్ చాలక జరిగిందని అనుకోవచ్చు. కొర్రమట్ట, మార్పు పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. అవి కూడా, చిన్నా పెద్దా తేడా లేకుండా చస్తే, లేదా పట్టపగలు ఎండలో చస్తే, బయటినుంచి ఏదో విషం వచ్చిందని అనుమానించాలి. అప్పుడు నాలా వెంట ఎగువకు నడుచుకుంటూ వెళ్లి, ప్రతి కలయిక దగ్గరా ఒక సీసా పట్టండి.

కుళ్లి ఉబ్బిన చేప పరీక్షకు పనికిరాదు. కొన ఊపిరితో ఉన్నవి నాలుగైదు తీసి, ఫాయిల్ చుట్టి ఐస్‌లో పెట్టి, మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి అదే పూట ఫోన్ చేసి అప్పగించండి. అప్పగించినట్టు సంతకం, టైము తీసుకోండి. మత్స్యకార సంఘం పెద్దలతో మాట్లాడి, కారణం తేలేదాకా ఆ చెరువు చేప అమ్మకానికి పోకుండా ఆపించండి. ఆ రోజు వాళ్లకు జరిగిన నష్టాన్ని, ఎన్ని కిలోలు, ఏ రకం అని, వాళ్ల ముందే మీ నోటుబుక్కులో రాయండి. పరిహారం అడిగేటప్పుడు వాళ్లకు ఆ పేజీ కావాలి.